నడిచిన గట్టు

ఎవరైనా ప్రశ్న అడిగితే పాస్టరు జ్ఞానానందం అయ్యగారు ముందుగా చెప్పులు వెతుక్కునేవారు. కూర్చుని చెప్పిన జవాబు కూర్చున్నచోటే ఉండిపోతుందని ఆయన అనుమానం. అందుకే వాక్యపరిచర్య నేర్చుకుందామని ఆయన దగ్గరికొచ్చిన తీతుకి ఈ ఆరు నెలల్లో జ్ఞానం ఎంత అబ్బిందో తెలియదుగానీ, కాళ్ల పిక్కలు మాత్రం బాగా గట్టిపడ్డాయి.

ఆ గురువారం పొద్దున తీతు అడిగిన ప్రశ్న ఇది. "అయ్యగారూ, మనిషి ఎంత ఏడిస్తే దాన్ని మారుమనస్సు అనొచ్చండీ?"

ఊరికే అడగలేదు. ఆ ప్రశ్న వెనకాల ఒక మనిషి ఉన్నాడు, పేరు బర్నబా. కొత్తరేవుపాడు సంఘంలో ఏడుపంటే బర్నబాదే ఏడుపు. ప్రార్థనలో రెండో మాటకి గొంతు వణికేది, నాలుగో మాటకి భుజాలు కదిలేవి, ఆమెన్ అనేసరికి తువ్వాలు పిండుకోవాల్సి వచ్చేది. ఆయన్ని చూసి ఆడవాళ్ల వైపు ముక్కులు చీదడం మొదలయ్యేది. వేసవి కూటాలకి పైఊళ్ల నుంచి వచ్చిన ప్రసంగీకులైతే అదంతా తమ ప్రసంగం మహిమేనని నమ్మి మహా సంతోషంగా బస్సెక్కేవారు.

ఇంత ఏడ్చే మనిషికి రెండేళ్లుగా ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు. నెల మొదటి ఆదివారం అందరూ ముందుకెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షరసం అందుకుంటూంటే, బర్నబా ఒక్కడే వెనక గోడవారన చాప మీద కూర్చునేవాడు. కారణం ఆయన వదిన సలోమమ్మ. తొమ్మిదేళ్ల కిందట బర్నబా అన్న చనిపోయాడు. అన్నదమ్ములు పంచుకున్న పొలం మధ్య ఒకటే గట్టు. సలోమమ్మ ఒకరోజు సంఘ పెద్దల ముందుకొచ్చి, "నా మడి ఏటికేడాదీ సన్నబడుతోంది. నేను సన్నబడ్డానంటే వయసు అనుకుంటాను, మడికేమొచ్చిందయ్యా?" అని నిలదీసింది. పెద్దలు బర్నబాని పిలిపించి అడిగారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. "పాపినండీ, ఘోరపాపినండీ" అని అక్కడికక్కడే కూలబడి ఏడ్చాడు. అలా ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని గట్టు సంగతి ఎవరు అడుగుతారు? అయ్యగారు మాత్రం, "అది తేలేదాకా బల్ల దగ్గరికి వద్దు బర్నబా" అని మెల్లగా చెప్పి ఊరుకున్నారు.

కిందటి ఆదివారం తీతు ఉండబట్టలేకపోయాడు. ఆరాధన అయ్యాక పెద్దల దగ్గరికెళ్లి, "ఆయన మారాడు, నా పూచీ. వచ్చే ఆదివారం నెల మొదటిది, బల్ల దగ్గరికి రానివ్వండి" అనేశాడు. పెద్దలు అయ్యగారి మొహం చూశారు. అయ్యగారు తల పంకించి, "తీతు అన్నాడుగా, ఆదివారం దాకా చూద్దాం" అన్నారు. ఇల్లు చేరేసరికి కుర్రవాడికి భయం పట్టుకుంది. సంఘమంతటి ముందు మాటిచ్చేశాడు, అది కాస్తా పోతే ఇక ఈ ఊళ్లో వాక్యం చెప్పడానికి ఏ మొహంతో నిలబడతాడు? పైగా బర్నబా చాప మీద ఒంటరిగా కూర్చోవడం తలుచుకుంటే పాపం అనిపించేది. అందుకే ఆ ప్రశ్న.

అయ్యగారికి చెప్పులు దొరికాయి. "పద" అన్నారు.

అవి గట్లు చెక్కే రోజులు. తొలకరి పడి నేల నానాక, నాట్ల కోసం దమ్ము చేసే ముందు ప్రతి రైతూ పార పట్టుకుని తన గట్టు మీది గడ్డి చెక్కి, బురదతో నున్నగా మెత్తుకుంటాడు. మంచి పనే. కానీ ఇందులో ఒక కిటుకుంది. తనవైపు గట్టుని నాలుగు వేళ్ల మందం ఎక్కువ చెక్కి, ఆ మట్టినే అవతలివైపు మెత్తితే గట్టు లావూ మారదు, ఎత్తూ మారదు. చోటు మారుతుంది. ఏడాదికి నాలుగు వేళ్లంటే ఎవరి కంటికీ ఆనదు. అలా గట్లు నడుస్తాయి, మనిషి కంటే నెమ్మదిగా, మనిషి కంటే దూరంగా.

బర్నబా పొలానికి నీళ్లిచ్చే బోదె ఒడ్డున తుమ్మచెట్టు చాటున ఇద్దరూ నిలబడ్డారు. కాసేపటికి బర్నబా పార భుజాన వేసుకుని వచ్చాడు. గట్టు మీద మోకరించి, కళ్లు మూసుకుని, పైకే ప్రార్థన చేశాడు. మామూలుగానే రెండో మాటకి గొంతు వణికింది. తీతు కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా అయ్యగారూ, ఇక్కడెవరు చూస్తున్నారని ఏడుస్తున్నాడు? నిజమైన ఏడుపేనండీ ఇది" అని గుసగుసలాడాడు.

"నిజమైనదే" అన్నారు అయ్యగారు.

బర్నబా లేచి కళ్లు తుడుచుకుని, పంచె ఎగగట్టి, పార ఎత్తాడు. తనవైపు గట్టు మీద వేశాడు. నాలుగు వేళ్ల మందం పెళ్ల ఊడింది. వంగి దాన్ని తీసి అవతలివైపు, వదిన మడివైపు, అతికించి అరచేత్తో నున్నగా రాశాడు. మళ్లీ పార ఎత్తాడు. చెంపల మీద తడి ఇంకా ఆరనేలేదు, చెయ్యి మాత్రం తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ దాని పని అది చేసుకుపోతోంది. తీతు "అన్యాయం!" అని ఉరకబోయాడు. అయ్యగారు అతని రెక్క పట్టుకుని, నింపాదిగా గట్టెంట నడిచి బర్నబా ముందుకెళ్లి నిలబడ్డారు.

వాళ్లని చూడగానే బర్నబా పార నేలకి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, "ఘోరపాపినండీ అయ్యగారూ!" అని మొదలెట్టాడు.

"ఎప్పుడూ కళ్లు మూసుకునే ఏడుస్తావు బర్నబా. ఇవాళ ఒక్కసారి కళ్లు తెరిచి ఏడువయ్యా" అన్నారు అయ్యగారు.

ఆయన కళ్లు తెరిచాడు. ఎదురుగా చేతిలో పార ఉంది. వదిన వైపు పచ్చి బురద మీద తన అయిదు వేళ్ల అచ్చు పడి ఉంది. దాన్ని చూస్తూ ఏడవాలని చూశాడు పాపం, ఏడుపు రాలేదు. తీతుకి ఆయన్ని చూస్తే కోపం ఎటుపోయిందో తెలియలేదు, జాలేసింది.

బర్నబా పారతో తన మడివైపు చూపించాడు. "రాయి నా పొలంలోనే ఉందండీ."

"ఏ రాయి?" అన్నాడు తీతు.

"హద్దురాయి బాబూ. పంపకాలప్పుడు అన్నయ్య పాతాడు. నేనే దాన్ని లోపలికి దించి మన్ను కప్పేశాను. దున్నినప్పుడల్లా నాగలి కర్రుకి టక్కున తగిలేది. అవతల వదినకి వినబడుద్దేమోనని, సరిగ్గా అక్కడికొచ్చేసరికి గట్టిగా దగ్గేవాణ్ణి. తొమ్మిదేళ్లు దగ్గానండీ. దగ్గుకి మందులు కూడా తెచ్చిపెట్టింది మా వదిన."

అయ్యగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. బర్నబా అడుగులు కొలవలేదు, వెతకలేదు. తిన్నగా తన మడిలోకి రెండు మూరలు నడిచి, ఒకచోట పార దించాడు. టక్కుమంది. ఈసారి దగ్గలేదు.

తీతు కూడా పంచె ఎగగట్టి దిగబోతే బర్నబా చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బాబూ. చెక్కేటప్పుడు సాయానికి ఎవరినీ పిలవలేదుగా" అన్నాడు.

గట్టు నలభై బారల పొడవు. గురువారం పగలంతా, శుక్రవారమంతా దాన్ని తవ్వి రాయి వరసకి మోశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. మధ్యలో ఒక వాన పడి, మెత్తినదంతా జారిపోతే మళ్లీ మెత్తాడు. తీతు ఆ రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా బోదె ఒడ్డున అటూ ఇటూ తిరిగాడు. ఆదివారంలోగా అవుతుందా, అవదా? అయ్యగారు మాత్రం ఇంటి దగ్గర హాయిగా పాదులు చేసుకుంటూ కూర్చున్నారు.

శనివారం పొద్దున సలోమమ్మ పొలానికొచ్చింది. పాత గట్టు ఉండాల్సిన చోట గట్టు లేకపోయేసరికి ఆవిడ గొంతు బోదె అవతలికి వినబడింది. "ఉన్న గట్టు కూడా పీకేశాడమ్మా! ఓరి నీ చేతులు పడిపోనూ! ఈ ఊళ్లో అడిగే నాథుడే లేడా!" అని కర్ర పట్టుకుని పరుగున వచ్చింది. వస్తూ వస్తూ ఆగిపోయింది. గట్టు అవతల, బర్నబా మడిలో ఉంది. బర్నబా నిలువెల్లా బురదతో దాన్ని మెత్తుతున్నాడు. పక్కన కడిగిన హద్దురాయి నిటారుగా నిలబడి ఉంది, దాని మీద మూడు గాట్లు.

ఆ గాట్లు వేసింది ఆవిడ మొగుడు. ఆవిడ కర్ర కింద పడేసి రాయి దగ్గర చతికిలబడి, వాటి మీద వేలు పెట్టి రాసింది. మొగుడు గుర్తొచ్చాడు. కళ్లు ధారలు కట్టాయి. బర్నబా పార వదిలేసి నిలబడ్డాడు. "నేనే వదినా. ఏటా నేనే" అన్నాడు. ఘోరపాపినని అనలేదు. అంతే అన్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గట్టు వంకా, రాయి వంకా మార్చి మార్చి చూసింది. "ఏమయ్యా మరిదీ, రాయి దాటి నీవైపు జానెడు లోపలికి కట్టావే?"

"ఉండనీ వదినా. తొమ్మిదేళ్ల పంట తిన్నాను."

"తిన్నావు, ఆ పొట్ట చూస్తేనే తెలుస్తోంది. నీ నేల నాకక్కర్లేదు. ఆయన రాయి దగ్గరే గట్టుండాలి. ఇలా తే పార!"

"ఇవ్వను."

"ఇస్తావా, ఇవ్వవా?"

ఆవిడ చీర బిగించి పార కర్ర ఒకవైపు పట్టుకుంది, ఆయన రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. కాళ్ల కింద బురద జారి ఇద్దరూ మడిలో వెల్లకిలా పడ్డారు. చుట్టుపక్కల గట్లు చెక్కుతున్న వాళ్లంతా పనులు ఆపేసి చూశారు. నేల లాక్కోవడానికి కొట్టుకున్నవాళ్లని ఆ పొలాలు చాలామందినే చూశాయిగానీ, వద్దు వద్దంటూ కొట్టుకున్నవాళ్లని చూడలేదు. ముందు బర్నబాకి నవ్వొచ్చింది. అన్న పోయాక మళ్లీ ఆయన అలా నవ్వడం ఎవరూ వినలేదు. తర్వాత సలోమమ్మకి వచ్చింది. తీతు తుమ్మచెట్టు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

చివరికి సలోమమ్మే తెగ్గొట్టింది. "సరే, ఆ జానెడూ గట్టులోనే కలిపెయ్. గట్టు లావుగా ఉంటుంది. దాని మీద కంది వేద్దాం, పప్పు ఇద్దరికీ." బర్నబా మిగిలిన గట్టంతా పాట పాడుకుంటూ మెత్తాడు. అన్నదమ్ములిద్దరూ నాగలి వెనకాల పాడుకునే పాట అది. సలోమమ్మ గట్టు మీద కూర్చుని, "రాగం తప్పుతున్నావు" అని దిద్దుతూనే గొంతు కలిపింది. పొద్దు వాలకముందే నలభై బారలూ పూర్తయ్యాయి. ఆ ఊళ్లో అంత లావు గట్టు ఇంకెక్కడా లేదు.

ఆదివారం బల్ల దగ్గరికి పిలుపు అయ్యింది. బర్నబా వెనక చాప మీంచి లేవలేదు. రెండేళ్ల అలవాటు. సలోమమ్మే వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, "ఇంకా అక్కడేం చేస్తున్నావయ్యా, లే!" అంది. ఆయన వచ్చి వదిన పక్కన మోకరించి, రొట్టె కోసం చేతులు చాపబోయి, సిగ్గుతో వెనక్కి లాక్కున్నాడు. పొద్దున్నుంచీ కొబ్బరిపీచుతో ఎంత రుద్దినా గోళ్లలో మట్టి పోలేదు. అయ్యగారు ఆ చేతుల్ని చూసి, వాటిని తన చేత్తో ముందుకు లాగి, రొట్టె పెట్టారు. ఆడవాళ్ల వైపు ముక్కులు చీదారు. పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. సలోమమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. సంఘమంతటిలో ఏడవనిది బర్నబా ఒక్కడే. ఆయన మొహం నిండా నవ్వు, దాచుకుందామన్నా దాగలేదు.

ఆరాధన అయ్యాక గుమ్మం బయట చెప్పుల గుట్టలో అయ్యగారు తన చెప్పులు వెతుక్కుంటున్నారు. తీతు వెనకాలే నిలబడ్డాడు. గుండె తేలికపడింది, ఒక్క ముల్లు మాత్రం ఇంకా మిగిలిపోయింది.

"అయ్యగారూ, గురువారం నుంచి ఆయన ఒక్క బొట్టు కూడా కార్చలేదండీ. అయితే ఇన్నేళ్ల కన్నీళ్లూ వృథాయేనా?"

అయ్యగారికి ఒక చెప్పు దొరికింది. కాలు అందులో దూర్చి, రెండోదాని కోసం చూస్తూ అన్నారు. "వృథా ఎందుకవుతాయి నాయనా? మట్టి మెత్తబడుతుంది. ఆ తర్వాత పార పట్టాలి."