పడితే మోగాలి

పడితే మోగాల్సిన యాప్ మోగలేదు.

రిజ్వానా అక్కలా చూసుకునే సకీనా ఆపాకు మూర్ఛ జబ్బు. బట్టలు కుట్టుకుని బతుకుతుంది, గుడ్డల కోసం ఒంటరిగానే బస్సెక్కుతుంది. ఆమె కిందపడితే ఫోనే కనిపెట్టి, గట్టిగా మోగి, ఆమె తమ్ముడికి కబురు పంపేలా రిజ్వానా ఒక యాప్ తయారుచేసింది. మొన్న ఆపా మేడమెట్ల దగ్గర పడిపోయింది. నుదుటికి కుట్లు పడ్డాయి. ఫోను మాత్రం కిమ్మనలేదు.

ఈ మధ్యాహ్నం ఆపా మళ్లీ బస్సెక్కాలి. పొద్దున్నే ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "దీన్ని నమ్ముకుని పోవచ్చా, రిజ్జూ?"

"పోవచ్చు ఆపా" అనేసింది రిజ్వానా. అనేసిందే గానీ, అది ఎందుకు మోగలేదో ఆమెకింకా తెలియదు.

దర్గా ఆవరణలో ఓ పక్క గదిలో ముర్తుజా ఉస్తాద్ కుర్రకారుకు యాప్‌లు తయారుచేయడం నేర్పుతారు. రిజ్వానా అక్కడే నేర్చుకుంది. అక్కడికే పరుగెత్తింది.

"నా దగ్గర పనిచేస్తోంది ఉస్తాద్! మీరే చూడండి."

పరీక్షకు వాడే ఫోనును లాప్‌టాప్‌కు తీగతో కలిపి, దిండు మీదికి విసిరింది. వెంటనే మోత. మళ్లీ విసిరింది. మళ్లీ మోత.

"చూశారా? కోడ్‌లో తప్పుంటే ఇప్పుడూ మోగకూడదు కదా. ఇప్పుడు మోగుతోందంటే అప్పుడు ఆపానే ఏదో చేసుండాలి. సంచి అడుగున పడేసిందో, తెలియక యాప్ తీసేసిందో..."

"సకీనా అలా చెప్పిందా?"

"చెప్పలేదు. కానీ ఇంకేం జరిగుంటుంది చెప్పండి?"

వాదనలో రిజ్వానాను ఆపగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. ఉస్తాద్ ఆపాలని చూడలేదు కూడా. "తీగ లేకుండా కలపడం నేర్పాను కదా, బేటీ" అన్నారు.

"వైఫై మీదా? మధ్యలో తెగిపోతే తలనొప్పి. తీగ ఉంటే ధైర్యం, ఉస్తాద్."

"ఎవరికి?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన తీగ లాగేశారు. ఫోనులో కనబడ్డ అంకెల్ని లాప్‌టాప్‌లో కొట్టమన్నారు. ఒకే వైఫై మీదున్న ఆ రెండూ కలిశాయి. ఆయన ఫోను తెర ఆర్పి జుబ్బా జేబులో వేసుకున్నారు. పావురాలకు చల్లే జొన్నల డబ్బా చేతబట్టుకుని ఆవరణలోకి వెళ్లిపోయారు.

రిజ్వానా లాప్‌టాప్‌కు కళ్లప్పగించింది. ఆయన కదిలినప్పుడల్లా యాప్ తెర మీదికి ఒక వరుస రాత పంపుతోంది. అడుగు. అడుగు. వంగడం. మళ్లీ అడుగు. అంతా సవ్యంగానే ఉంది. బస్సు వేళ దగ్గరపడుతోంది. ఆపా ఈపాటికి బురఖా వేసుకుని తాళంచెవి వెతుక్కుంటూ ఉంటుంది.

వరుసలు ఆగిపోయాయి.

"తెగింది! నే చెప్పలా?" అంటూ కనెక్షన్ చూసింది. తెగలేదు. ఫోను కలిసే ఉంది. యాప్ ఒక్కటే పలకడం లేదు.

బయట ధబ్బుమని చప్పుడు. పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరాయి.

కిటికీలోంచి చూస్తే ఉస్తాద్ నేల మీద పడి ఉన్నారు. చుట్టూ జొన్నలు. రిజ్వానా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఆయన జేబులో ఫోను చడీచప్పుడూ లేకుండా ఉంది.

"ఉస్తాద్! ఉస్తాద్!"

ఆయన తాపీగా కళ్లు తెరిచారు. "ఎందుకొచ్చావు?"

"మీరు పడిపోయారు కదా!"

"నీకెట్లా తెలిసింది?"

"చూశాను కదా!"

"సకీనాను ఎవరు చూస్తుంటారు?"

రిజ్వానా ఆయన్ను పట్టి లేపింది.

లోపలికొచ్చి, ఆగిపోయిన వరుసల కింద ఫోను తనంతట తాను రాసుకున్న మాటలు చదివింది. చార్జింగ్ లేదు. తెర ఆరింది. బ్యాటరీ ఆదా కోసం ఈ యాప్‌ను నిద్రపుచ్చడమైనది.

ఇన్నాళ్లూ తన కళ్లముందు అది ఒక్కసారీ నిద్రపోలేదు. తీగ దానికి కరెంటు అందిస్తూనే ఉంది మరి.

వేళ్లు గబగబా కీబోర్డు మీదికి వెళ్లాయి. "చిన్న మార్పే, ఉస్తాద్! బస్సు వచ్చేలోపు అయిపోతుంది. కొత్తది ఆపాకు పంపేస్తే సరి. ఆమెకు తెలియను కూడా తెలియదు..."

ఉస్తాద్ గుమ్మంలో నిలబడి మోచెయ్యి చూసుకుంటున్నారు. అక్కడ తోలు లేచి నెత్తుటి చెమ్మ తేలింది.

రిజ్వానా లాప్‌టాప్ మూసేసింది. తన సొంత ఫోను తీసింది.

"ఆపా, బస్సెక్కావా? ఎక్కొద్దు... లేదు ఆపా, నువ్వేం తప్పు చేయలేదు. నేనే సరిగ్గా చూసుకోకుండా, 'పోవచ్చు' అని చెప్పాను... కాదు, ఇంకా బాగుచేయలేదు. అక్కడే కూర్చో. నేనొస్తున్నా, ఇద్దరం కలిసి పోదాం."