నేర్చుకునేవాళ్ళకి ఇది చాలట!

అనగా అనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేదమ్మా. ఏ పనైనా కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, ఇంకెందుకూ పనికిరాని సామానే ఇచ్చేవాళ్ళు. దున్నడం నేర్చుకునే కుర్రాడికి కుంటెద్దు. వంట నేర్చుకునే పిల్లకి చిల్లు గిన్నె. ఎద్దు కదలకపోతే తప్పు కుర్రాడిది. పులుసు కారిపోతే తప్పు పిల్లది. ఇదేం న్యాయం అని అడిగితే ఊరంతా ఒకటే మాట, "నేర్చుకునేవాళ్ళకి ఇది చాలు."

చాలట! నువ్వే చెప్పు. పసిబిడ్డకి అన్నప్రాశన నాడు ఏం పెడతాం? మెత్తటి పరమాన్నం, కమ్మటి నెయ్యి వేసి పెడతాం. పళ్ళు లేవు కదా, రుచి తెలీదు కదా అని నూకలూ రాళ్ళూ పెడతామా? ఆపాటి ఇంగితం ఆ ఊరి పెద్దలకి లేకపోయింది.

సరే, ఊఁ కొట్టు. ఆ ఊళ్ళో పడవ నడిపే పోలయ్యకి వరాలని ఒక కూతురు. తెల్లారేసరికి వాళ్ళయ్యతో ఏటి మీద ఉండేది. పొద్దు పొడిచేటప్పుడు ఏరు ఒక రంగు. ఎండెక్కాక ఒక రంగు. మబ్బు పట్టిందంటే ఇంకో రంగు. ఆ రంగుల్ని ఎలాగైనా కాగితం మీదకి దించాలని ఆ పిల్ల కోరిక.

అప్పుడు ఆ ఊరికి బొమ్మల మాస్టారొకాయన వచ్చాడు. పేరు పరాంకుశం. నీళ్ళ రంగులతో బొమ్మలెయ్యడం నేర్పుతానని బడి పెట్టాడు. వరాలు అందరికంటే ముందెళ్ళి కూచుంది.

"మూడు బొమ్మలు చూస్తాను," అన్నాడు మాస్టారు. "మూడూ పాడుచేసినవాళ్ళు మళ్ళీ ఈ గుమ్మం తొక్కక్కర్లేదు."

ఆయన దగ్గర రెండు పెట్టెలుండేవి. టేకు పెట్టె ఆయనది. దానికి తాళం. రేకు పెట్టె పిల్లలది. అందులో ఏముంటుందో నీకు వేరే చెప్పాలా? ఊరి ఆచారం వచ్చిన నాడే ఒంటబట్టించుకున్నాడు మహానుభావుడు.

మొదటిరోజు వరాలు నీలం ముంచి ఆకాశం పూసింది. చూస్తే ఆకాశం నిండా కుంచె వెంట్రుకలు! పులుసులో పడ్డ వెంట్రుకలా ఒక్కొక్కటీ పీకబోతే రంగంతా చెదిరిపోయింది.

"మాస్టారూ, కుంచె రాలుతోందండి."

"ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే," అన్నాడాయన. పిల్లలు కిసకిసా నవ్వారు. వరాలు చెవులు కందిపోయాయి.

ఆ తర్వాత రెండో బొమ్మ. రేకు పెట్టెలో రంగు బిళ్ళలు బోలెడు, చూస్తే తిరణాల. కలిపితే అన్నీ సుద్దే. తడిగా ఉన్నంతసేపూ ఎరుపు ఎర్రగానే ఉంది. ఆరేసరికి వెలిసిపోయిన పాతచీరైంది. వరాలు వేసిన ఏరు కాస్తా గంజి అయి కూచుంది.

"మాస్టారూ, రంగు నిలవట్లేదండి."

"మళ్ళీ మద్దెలేనా?"

ఆ తర్వాత మూడో బొమ్మ. ఊపిరి బిగబట్టి పడవ మొదలుపెట్టింది. నీళ్ళు తగిలాయో లేదో, కాగితం అప్పడంలా లేచింది. రంగంతా గుంటల్లోకి జారిపోయింది. సరిచేద్దామని కుంచె ఆనించేసరికి పడవ నడిమధ్యన చిరుగు పడింది.

మాస్టారు ఆ కాగితం పైకెత్తి, చిరుగులోంచి వేలు పెట్టి ఆడిస్తూ అందరికీ చూపించాడు. చూశావా దుర్మార్గం! పిల్లదాన్ని పట్టుకుని!

"ఈ చేతికి తెడ్డే గానీ కుంచె రాదు. లే," అన్నాడు.

వరాలు లేవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టే కదా, ఏడుపు మింగేసింది.

"పోతానండి. కానీ ఈ కుంచెతో, ఈ రంగుతో, ఈ కాగితం మీద మీరొక్క పడవ వేసి చూపించండి. చూసి పోతాను."

అంతమంది ముందు కాదంటే పరువు పోదూ? మాస్టారు కండువా సర్దుకుని కూచున్నాడు. కుంచె ముంచాడు, లాగాడు. ఆకాశంలో వెంట్రుకలు!

"ఈ కుంచె..." అనబోయి నాలిక కరుచుకున్నాడు.

"మద్దెలాండి మాస్టారూ?" అంది వెనకనుంచి ఒక గొంతు. పిల్లలు పడీపడీ నవ్వారు.

అప్పుడు రంగు వెలిసింది. ఆ తర్వాత కాగితం లేచింది. మాస్టారు చెమట తుడుచుకుని, "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు. గాలట, గాలి!

"మీరు నా సామానుతో వేశారు. మీ సామానుతో నన్నొకటి వెయ్యనివ్వండి," అంది వరాలు.

"అవి పెద్దవాళ్ళవే, నీకెందుకు?"

"వెయ్యనివ్వండి మాస్టారూ!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. ఇక టేకు పెట్టె తెరవక తప్పలేదు.

ఇంకో పిల్లయితే కనబడ్డవన్నీ వాటేసుకునేది. వరాలు ఏరుకుంది. ఒక్క కుంచె తీసింది. గోటితో లాగి చూసింది, ఒక్క వెంట్రుకా ఊడలేదు. తడిపి విదిలించింది, మొన వడ్లగింజలా కూడుకుంది. రంగుల్లో పసుపు, ఎరుపు, నీలం, అంతే తీసింది. తడివేలితో గోటిమీద రాసుకుంటే అడుగున గోరు కనబడుతోంది, సుద్ద లేదు. కాగితం ఒక్కటే, దుప్పట్లా మందంగా ఉన్నది. మూలన ఒక చుక్క వేసి చూసింది. కాగితం ముడుచుకోలేదు.

"ఆకుపచ్చ వద్దా?" అని ఎగతాళి చేశాడు మాస్టారు.

"కలుపుకుంటానండి."

అప్పుడు వేసింది. నీలంలోకి పసుపు జారింది, ఎరుపు అంచున ఆగింది. పొద్దు పొడుపు ఏరు కాగితం మీదకి దిగింది. పడవ మాత్రం వంకరగా వచ్చింది. ముక్కు ఒకవైపు, కడుపు ఒకవైపు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశారా! నా సామానిచ్చినా వంకరే!"

వరాలు తల ఎత్తి చెప్పింది. "వంకర నాదేనండి. ఒప్పుకుంటాను. ఎలా దిద్దాలో చెప్పండి, దిద్దుకుంటాను. చిరుగు మాత్రం నాది కాదు. వెంట్రుకలు నావి కాదు. వెలిసిపోవడం నాది కాదు. నా తప్పు నాకుంది, మీ పెట్టె తప్పు నాకంటగట్టకండి."

మాస్టారు తప్పయిందన్నాడా అంటావా? ఎక్కడమ్మా! అలాంటివాళ్ళు అంటారా? ఆయన మర్చిపోయినా నేను మర్చిపోను.

కానీ కాసేపటికి వంగి, కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ముక్కు ముందు గియ్యకే," అన్నాడు నెమ్మదిగా. "ముందు నీటిగీత. దాని మీద పడవ కడుపు. ముక్కు ఆఖర్న."

ఆ బడిలో అదే మొదటి పాఠం.

కథ నడిచింది కంచికి,
కుంచె చేరింది పెట్టెకి,
మనం ఎక్కాం మంచానికి,
నిద్ర దిగింది కంటికి.