నడుమెత్తు తడిక

రేగడికోట పట్నంలో ఓ పాడు చట్టం ఉండేది. వీధివైపు వాకిలికి నడుమెత్తుకు మించి తడిక పెట్టాలంటే కొత్వాలు అనుమతి కావాలి. వాకిట్లో ఏం జరుగుతోందో కావలివాళ్లకు కనబడాలట!

కుమ్మరి గవరమ్మ మనిషెత్తు తడిక కోసం కొత్వాలు భుజంగరాయుడి చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆయనగారి కోడెగిత్త నడుమెత్తు తడికను ఇట్టే దూకేస్తోంది మరి.

"చట్టం నీకోసం మారదు, పో" అన్నాడు కొత్వాలు. ఆయన ఇంటికి మాత్రం ఏనుగు దూరేంత తలుపులు.

ఓ మధ్యాహ్నం గిత్త దూకనే దూకింది. వాకిట్లో ఆరబెట్టిన పచ్చి కుండలన్నీ మట్టిముద్దలయ్యాయి. గవరమ్మకు ఏడాది కూడు అవే.

ఆమె రాజుగారి కొలువుకెళ్లి మొరపెట్టుకుంది.

"తొక్కింది నా గిత్తే అనడానికి సాక్షులెవరు?" అని మీసం దువ్వాడు కొత్వాలు.

"మీ కావలివాళ్లే బాబయ్యా! వాళ్లకు కనబడాలనేగా నా తడిక కురచగా ఉంచారు? చూసుంటే, గిత్త ఎవరిదో వాళ్లే చెబుతారు. చూడలేదంటే, నా తడిక కురచగా ఎందుకుండాలో మీరు చెప్పండి."

రాజుగారు పకపకా నవ్వారు.

"భలే చెప్పావే! ఇకనుంచి నీకు నచ్చినంత ఎత్తు పెట్టుకో" అన్నారు. కుండల ఊసే ఎత్తలేదు.

గవరమ్మ నవ్వలేదు.

"పెట్టుకుంటాను ప్రభూ. కాపాడుకోవడానికి లోపల ఇంకేమీ మిగల్లేదు. గిత్త తొక్కుతుంటే తడికమీద మోచేతులానించి చూస్తూ నిలబడ్డ మీ కావలివాళ్ల మొహాలు మళ్లీ నాకు కనబడకపోతే చాలు."