ఇసుక పురుగు మోసిన ప్రాణం

వెనకటికి సముద్రపు ఒడ్డున సైకతపురాన్ని ఏలే రాజొకాయన ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ఘటకర్ణుడనే మాంత్రికుడొచ్చి సగం రాజ్యం ఇమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. అంతే! ఊరందరి నిద్రనూ సంచిలో మూటగట్టి ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు వాడు.

ఇంక చూడండి! ఉయ్యాలలో పాప నిద్రపోదు, కోటలో ముసలమ్మ నిద్రపోదు, రాజుగారి కళ్లు చింతనిప్పులు. నిద్రను తెస్తానని పెద్దకొడుకు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. చిన్నవాడు పవనకేతుడు మేడమీద ఆ గోడకూ ఈ గోడకూ తిరిగి తిరిగి, "ఇక ఆగలేనమ్మా, నేనూ వెళతాను" అన్నాడు.

వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతణ్ణి వీపుమీద ఏడు సముద్రాలూ దాటించింది. అక్కడ మాంత్రికుడి చెరలో ఉన్న రాజకుమారి మందారిక ఎదురొచ్చింది.

"మీ అన్నలు మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందనుకుని వెతికి చెడ్డారు. వాడి ప్రాణం ఇసుకరంగు పురుగులో ఉంది. పగలు ఈ ఒడ్డున ఏదో దుంగ కింద దాక్కుంటుంది. పొద్దుగూకితే వాడొచ్చేస్తాడు, త్వరగా!" అంది.

ఒడ్డంతా కొట్టుకొచ్చిన దుంగలే! మొదటిది ఎత్తాడు. పురుగు తుర్రుమంది. వెంటపడితే ఇసుకలో ఇసుకైపోయింది. రెండోది ఎత్తాడు. మళ్లీ అంతే. పొద్దు వాలుతోంది.

"ఉరకకు నాయనా, నీ అడుగుల అదురు దానికి తెలుస్తుంది" అంది తాబేలు.

మూడో దుంగ ఎత్తి, అరచెయ్యి ఇసుకమీద పరిచి, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు పవనకేతుడు. కాళ్లు పరిగెత్తమని పోరుతున్నాయి. కదల్లేదు. పురుగు మెల్లగా చేతిలోకి పాకింది.

"నలపకు బాబూ. నా రెక్కల కింద నువ్వుగింజంత ఉంది వాడి ప్రాణం. అది మోస్తూ నేనూ నిద్రకు మొహం వాచాను. తీసేసి నన్ను వదిలెయ్" అంది పురుగు.

ఆకాశం ఉరిమింది. "ఇవ్వరా దాన్ని!" అంటూ మాంత్రికుడు దిగాడు. పవనకేతుడి పాదాలు రాయయ్యాయి, మోకాళ్లు రాయయ్యాయి. పిడికిలి బిగిస్తే పురుగుతోపాటు వాడి పనీ అయిపోతుంది. కానీ అతను గోటికొసతో రెక్క ఎత్తి, ఆ గింజను తీసి అలల్లోకి విసిరాడు. మాంత్రికుడు వెల్లకిలా సముద్రంలో పడ్డాడు, మళ్లీ లేవలేదు. పవనకేతుడి కాళ్లు కదిలాయి, రాళ్లైన అన్నలు లేచారు. మందారిక వాడి సంచి మూతి విప్పింది, నిద్రంతా ఊరిదారి పట్టింది.

"నాతో వస్తావా?" అన్నాడు పవనకేతుడు.

"ముందు కాస్త నిద్రపో, తర్వాత అడుగు" అని నవ్వింది ఆమె.

తర్వాత అడిగాడు, ఒప్పుకుంది. వాళ్ల పెళ్లిపందిట్లో సగం ఊరు గురకపెట్టింది. ఇద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలను ఎవరూ పొయ్యిలో పెట్టకూడదని చాటింపు వేయించారు. ఇసుక పురుగులు వాటి కింద, ఎవరి ప్రాణం బరువూ లేకుండా, పగలంతా హాయిగా పడుకున్నాయి.