పైడయ్య చెయ్యి

ఇప్పటి మాట కాదు, నిన్నటి మాట కాదు. మీ తాత తాతకి ఇంకా మీసం మొలవని రోజుల మాట. సముద్రం ఒడ్డున ఓ పట్నం ఉండేది. ఆ పట్నంలో ట్రాంబండి నడిచేది. గుర్రం లేదు, ఎద్దు లేదు, పొగ లేదు. నెత్తి మీద తీగ, కాళ్ళ కింద పట్టాలు. గంట కొట్టుకుంటూ, ఒళ్ళు ఊపుకుంటూ పెళ్ళినడక నడిచేది.

ఆ దారికి ఓ కొసన జాలరిపేట, ఇంకో కొసన పెద్దబజారు. మధ్యలో ఓ దిబ్బ, ఆ దిబ్బ మీద ఓ మలుపు. బండి రాకముందు జాలరిపేట ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని, దిబ్బ ఎక్కి దిగి, బజారుకి నడిచి పోయేవాళ్ళు. మెడలు పట్టేసేవి, పాదాలు పగిలేవి, చేపలు మెత్తబడేవి. బండి వచ్చాక ఆ బాధ తప్పింది. ఎండ ముదరక ముందే చేప బజారుకి చేరేది. సాయంత్రం ఇంటింటా పొయ్యి వెలిగేది.

ఆ పట్టాలు వేసే గ్యాంగులో పైడయ్య అని ఒకడుండేవాడు. పొడగరీ కాదు, బలశాలీ కాదు. అందరిలాంటి మనిషే. కానీ పట్టా ఎత్తాలంటే పదిమందీ ఒక్క ఊపులో ఎత్తాలి కదా, ఆ ఊపు ఇచ్చే పాట పైడయ్యది. "ఓ సెయ్యెయ్యండి బాబూ!" అనేవాడు. "ఐసా!" అనేవాళ్ళు గ్యాంగువాళ్ళు. పట్టా లేచేది.

ఇనుము అరగదనుకుంటాం. చెప్పు అరిగినట్టే ఇనుమూ అరుగుతుంది, కాస్త ఆలస్యం, అంతే. దిబ్బ మలుపు దగ్గర పట్టాలు అరిగి అరిగి పలచబడ్డాయి. ఒకసారి బండి పట్టా దిగింది, అందరూ నవ్వుకున్నారు. రెండోసారి దిగింది, దీపస్తంభం విరిగింది. మూడోసారి దిగి ఓ ఇంటి అరుగు మీదకి ఎక్కింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఓవర్సీరుగారు వచ్చి చూశారు. "వానలు పడేలోగా ఇక్కడ కొత్త పట్టాలు పడాలి. పడకపోతే జాలరిపేట దారే ఎత్తేస్తాం" అన్నారు. అని గొడుగు వేసుకుని వెళ్ళిపోయారు.

జాలరిపేటలో పోలమ్మ మాటే మాట. ఆవిడ గొంతెత్తితే పడవలోని కొడుకులు కూడా తెడ్డు ఆపేవాళ్ళు. పైడయ్య ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆ ఒడ్డున అక్కని అప్పా అంటారు.

"అప్పా, రేపు తెల్లారగట్ల మొదలెట్టి, రోజుకి కొన్ని పట్టాలు మారుత్తాం. మీ తట్టలు బండెక్కే ఏలకి పట్టాలు సిద్ధం. నాది పూచీ" అన్నాడు.

"నీ పూచీయేనా? సరే, కానియ్యి" అంది పోలమ్మ.

పైడయ్యకి ఆ మాట నెత్తిన కూర్చుంది. సముద్రపు గాలి చల్లగా కొడుతుండగా గ్యాంగు పనిలో దిగింది. పాతవి పీకారు, కొత్తవి దించారు. ఇనుము ఎండకి ఒళ్ళు పెంచుకుంటుందని పట్టాకీ పట్టాకీ మధ్య సందు వదలడం ఆ పనిలో మొదటి పాఠం. చెక్కముక్క అడ్డం పెట్టి, మట్టు చూసి మరీ వదులుతారు. అవతల జాలరిపేట దారిలో తట్టలు కదలడం కనిపించింది. పైడయ్యకి కంగారు పుట్టింది.

"సందూ లేదు, గిందూ లేదు. దగ్గరకి తోసెయ్యండి!" అన్నాడు.

తోసేశారు. ఎండెక్కింది. ఇనుము ఉబ్బింది. జరగడానికి చోటు లేదు. ఏం చేస్తుంది? నడుం విరిచి పైకి లేచింది. వచ్చే బండి మలుపు కింద ఆగిపోయింది. ఇదిగో కదులుతుంది, అదిగో కదులుతుంది అని ఆడవాళ్ళు ఎదురుచూశారు, తట్టలు ఎండలో ఉండిపోయాయి. పట్టాలు మళ్ళీ ఊడదీసి సరిచేసేసరికి చేప కుళ్ళిపోయింది. ఆడవాళ్ళు తట్టలు తిరిగి మోసుకెళ్ళి సముద్రంలో పారబోశారు. ఆ సాయంత్రం జాలరిపేటలో ఒక్క పొయ్యీ వెలగలేదు. పైడయ్య తన ఇంట్లో ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోలేక చెయ్యి కడిగేసుకున్నాడు. తన మాట నమ్మినందుకు పేటలో పిల్లలు పస్తులున్నారని ఏడ్చాడు.

మలుపులో మార్చాల్సిన పట్టాలు ఇంకా చాలా ఉన్నాయి. మర్నాడు గ్యాంగు గునపాలతో వచ్చేసరికి ఆడవాళ్ళందరూ పట్టాల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో పోలమ్మ.

ఓవర్సీరుగారు వచ్చి కసిరారు. లేవలేదు. బజారు పెద్దలు వచ్చి బతిమాలారు. లేవలేదు. అటు సముద్రం మీద మబ్బు నల్లగా కమ్ముకుంటోంది. అప్పుడు పైడయ్య గునపం కింద పెట్టి ముందుకొచ్చాడు.

"నీ పూచీ సముద్రంలో పారబోసినాం కదరా. మళ్ళీ ఏటి తెచ్చినావు?" అంది పోలమ్మ.

"తప్పు నాదే అప్పా. తొందరపడి సందు ఒదల్లేదు. కొత్త పట్టాలు పడకపోతే ఈ బండి ఉండదు. మళ్ళీ మీ మెడలే ఇరుగుతాయి. ఒక్క మాట ఇనండి. పట్టాలు తీసిన తవ్వకానికి ఆ పక్క ఓ బండి, ఈ పక్క ఓ బండి నడుపుతారు. ఆ బండి దించి ఈ బండెక్కించే కాడ మీ తట్టలు నాను మోత్తాను."

గ్యాంగంతా ఫక్కున నవ్వింది. ఎందుకంటే ఆ ఒడ్డున మగవాడు కావడి మోస్తాడు, వల మోస్తాడు, పడవ మోస్తాడు గానీ, చేపల తట్ట నెత్తిన పెట్టుకోడు. అది ఆడవాళ్ళ మోత. పెట్టుకున్నవాడికి పిల్లనివ్వరు.

"ఇన్ని తట్టలూ నువ్వొక్కడివే మోత్తావేటి?" అంది పోలమ్మ.

"మొదలెట్టడానికి ఒక్కడు సాలడా అప్పా?"

పోలమ్మ అతని ముఖంలోకి చూసింది. లేచి, చీర దులుపుకుని, తన తట్టే ముందు అతని నెత్తిన పెట్టింది.

మొదటిరోజు పైడయ్య ఒక్కడే మోశాడు. చేపనీళ్ళు మెడ మీంచి వీపంతా కారాయి. దారినపోయేవాళ్ళు ఈలలు వేశారు. తట్టలు మోసి మోసి, మళ్ళీ వచ్చి గునపం పట్టాడు. రెండోరోజు గ్యాంగువాళ్ళకే చూడబుద్ధి కాలేదు. "ఏం, మాకు నెత్తుల్లేవా?" అని వాళ్ళూ దిగారు. మూడోరోజు బండిలో వచ్చిన జనం ఊరికే చూస్తూ నిలబడలేకపోయారు. తవ్వకం పొడుగునా వరస కట్టారు. తట్ట చేతినుంచి చేతికి పోయింది. పంతులుగారు పట్టారు, ప్లీడరుగారు పట్టారు, తలంబ్రాల చీరలో ఉన్న కొత్త పెళ్ళికూతురూ పట్టింది. ఓవర్సీరుగారు కేకలేద్దామని వచ్చారు. రొయ్యల తట్ట వచ్చి చేతిలో పడింది. ఏం చేస్తారు? పక్కవాడికి అందించారు. ఇంకోటి వచ్చింది. అదీ అందించారు. ఆ వేళ ఎంతమంది మగవాళ్ళని ఇంట్లోవాళ్ళు "ఏమిటీ కంపు!" అని గుమ్మంలోనే ఆపేశారో లెక్కలేదు.

"ఓ సెయ్యెయ్యండి బాబూ!" అని పైడయ్య పాడుతుంటే, "ఐసా!" అని ఊరు ఊరంతా అంది.

ఈసారి పైడయ్య తొందరపడలేదు. ప్రతి సందులో చెక్కముక్క పెట్టాడు, చూశాడు, తీశాడు. చివరి పట్టా పడ్డ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా జనం ఎవరూ కదల్లేదు. పోలమ్మ వంగి పట్టా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"కాల్తంది గానీ కదల్లేదు!" అంది.

పైడయ్య రోడ్డు మీదే కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు. జాలరిపేట బండి మలుపు ఎక్కి, కిక్కురుమనకుండా దిగింది. అది బజారు చేరేసరికి వాన మొదలైంది.

పని అయిపోయినా పైడయ్యకి అలవాటు పోలేదు. తీరిక దొరికితే చాలు, మలుపు దగ్గర నిలబడేవాడు. నిండు తట్ట ఎవరూ తనంతట తాను నెత్తికెత్తుకోలేరు కదా. చేప తట్టకి, కట్టెల మోపుకి, బియ్యం మూటకి, అడిగినా అడగకపోయినా చెయ్యి వేసేవాడు. జుట్టు నెరిసినా వేశాడు. నడుం వంగినా వేశాడు. చేతులు వణికే వయసులోనూ, ఎత్తలేకపోయినా మునివేళ్ళు ఆనించేవాడు.

ఓ వానాకాలం పైడయ్య పోయాడు. అతనికి పిల్లల్లేరు. గ్యాంగులో మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు. పాడె ఎవరు మోస్తారా అని గొణుక్కుంటుంటే, కర్ర ఊతంగా పోలమ్మ వచ్చింది. వెనక జాలరిపేట ఆడవాళ్ళందరూ వచ్చారు.

"ఆడోళ్ళు పాడె మోత్తారా? ఎక్కడైనా ఉందా?" అన్నాడు ఓ పెద్దమనిషి.

"మగోడు సేపల తట్ట మొయ్యకూడదన్నారు. మోసినాడు" అంది పోలమ్మ. "ఇప్పుడు మా వంతు."

ఆయన తప్పుకున్నాడు. పోలమ్మ కర్ర పక్కన పడేసింది.

"ఓ సెయ్యెయ్యండమ్మా!"

"ఐసా!"

పాడె లేచింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ట్రాంబండి ఆగింది. నడిపేవాడు దిగాడు, జనం దిగారు. దిబ్బ కిందినుంచి పైదాకా వరస కట్టారు. పైడయ్య నేల తగలకుండా, చేతులమీదే దిబ్బ దాటాడు.

ఇప్పుడు ఆ పట్నంలో ట్రాంబండి లేదు. పట్టాలు తారు కింద ఎక్కడో ఉన్నాయి. దిబ్బ మలుపుని మాత్రం పైడయ్య మలుపనే అంటారు. అక్కడ ఎవరైనా బరువు కాళ్ళ దగ్గర పెట్టుకుని అటూ ఇటూ చూస్తే, దాటి పోయేవాడుండడు. ఆటోవాడు ఆగుతాడు, కాలేజీ పిల్ల ఆగుతుంది, కారులో పోయే ఆసామీ కూడా దిగి చెయ్యి వేస్తాడు. ఎత్తించుకున్నవాళ్ళు ఇంకేమీ అనరు. "పైడయ్య చెయ్యి" అంటారు. వేసినవాళ్ళు "ఐసా" అని తమ దారిన పోతారు. నమ్మకం లేకపోతే ఓ బస్తా పట్టుకెళ్ళి అక్కడ నిలబడి చూడండి.