తవిటమ్మ ఒడి

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలకు ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, కొండ కింద గెడ్డ ఒడ్డున ఒక ఊరుండేది. గెడ్డ అంటే కొండవాగు. ఊరి పేరు కొత్తూరు. పాత ఊళ్ళన్నిటికీ కొత్తూరనే పేరెందుకు పెడతారో నన్నడక్కండి. కథ అడగండి, చెబుతాను.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒక ముసలామె. పుట్టింది ఆ ఊళ్ళోనే, అదే ఇంట్లో. మొగుడు ఇల్లరికం వచ్చి ఎప్పుడో పోయాడు. వాళ్ళింట్లో వీళ్ళింట్లో ధాన్యం దంచేది. దంచినందుకు ఇన్ని నూకలు, ఇంత తవుడు పెట్టేవాళ్ళు. పొద్దున రోకలి పట్టిందంటే సాయంత్రానికి కనుబొమ్మల మీద కూడా తవుడే. తవిటమ్మ నవ్వితే తవుడు రాలుతుందని పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. ఆమె నవ్వేది. తవుడూ రాలేది.

ఆ పేరు దంపుడు వల్ల వచ్చింది కాదు. పుట్టగానే వచ్చింది. ఆమెకు ముందు వాళ్ళమ్మకు ముగ్గురు పుట్టారు. పెద్దన్న, చిన్నన్న, అక్క. ముగ్గురూ అన్నం ముట్టకుండానే పోయారు. నాలుగో బిడ్డ పుట్టగానే, అలాంటి ఇళ్ళల్లో అందరూ చేసే పనే వీళ్ళూ చేశారు. బిడ్డను చాటలో పడుకోబెట్టి పక్కింటామెకు అమ్మేశారు. ధర చాటెడు తవుడు. కొన్నామె మళ్ళీ వీళ్ళకే పెంచమని ఇచ్చింది. ఇక ఆ పిల్ల ఆ ఇంటిది కాదు. చావు వచ్చి ఈ ఇంటి పిల్లలెవరని వెతికితే ఆ పిల్ల కనబడదు. తవిటమ్మ అలా బతికి బట్టకట్టింది.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం కూడా ఉండేది. పెద్దవాళ్ళు పోతే పిండం పెట్టి కాకిని పిలిచేవారు. అన్నం ముట్టని పసికందు పోతే అదేమీ లేదు. పాత చీరముక్కలో చుట్టి, గెడ్డ అవతల జిల్లేడు పొదల దగ్గర పూడ్చి, వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. అన్నం ఎరగని నోటికి పిండమెందుకు అనేవారు. ఏడ్చే తల్లిని అడిగినవాళ్ళెవరు?

ఇలా ఉండగా ఒక ఏడు ఊరిపెద్ద నాయుడుగారి మనవడికి అన్నం ముట్టించారు. మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళ. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని పరమాన్నం వేలికి తీసి నోటి దగ్గర పెట్టాడు. పిల్లాడు నోరు తెరవబోయి ఆగాడు. తల తిప్పి గడప వైపు చూశాడు. మనిషి మొహం ఉండేచోట కాదు, కింద, నేలకు జానెడెత్తున. అక్కడ ఎవరూ లేరు. పిల్లాడు నవ్వాడు. నవ్వి నోరు మూశాడు. అన్నానికీ తెరవలేదు, పాలకీ తెరవలేదు. మూడో పొద్దు చూడలేదు.

రెండో ఇంట్లో జాగ్రత్త పడ్డారు. గడపకు వేపమండలు కట్టారు. నిప్పుల్లో మిరపకాయలు పోశారు. వాకిట్లో డప్పులు కొట్టించారు. తల్లికి దగ్గొచ్చింది, మేనమామకు కళ్ళు మండాయి. పిల్లాడు మాత్రం గడప వైపు చూసి నవ్వాడు. నవ్వి నోరు మూశాడు. మూడో పొద్దు చూడలేదు.

మూడో ఇంటివాళ్ళు అసలు గడపే లేనిచోట ముట్టిద్దామన్నారు. చేలో మంచె ఎక్కారు. మోకాళ్ళ నొప్పుల తాత కూడా ఎక్కాడు, నిచ్చెన పైకి లాగేశారు. ఈసారి ఆడపిల్ల. ఆ పిల్ల మంచె సందులోంచి కిందికి చూసి నవ్వింది. నవ్వి నోరు మూసింది. మూడో పొద్దు చూడలేదు. మంచె కింద బురదలో చిన్న చిన్న అరచేతుల గుర్తులున్నాయి. ఒక్కొక్కటీ జామాకంత.

ఊరు హడలిపోయింది. ఆకలి చూపు తగిలిన ముద్ద గొంతు దిగదని పెద్దలు ఎప్పుడూ చెప్పేదే. కానీ ఆ చూపు ఎవరిదో తెలియదు. కొండ దయ్యమన్నారు, గెడ్డ దయ్యమన్నారు. చివరికి నాయుడుగారు ఎవరూ బిడ్డలకు అన్నం ముట్టించొద్దని చాటింపు వేయించారు. ఏడాది నిండిన పిల్లలు కూడా రొమ్ముపాల మీదే ఉన్నారు. తల్లులు ఎండిపోయారు. పిల్లలు పీలగా అయిపోయారు. ఏ ఇంట్లో విన్నా సన్నటి ఏడుపే.

తవిటమ్మ కూతురు సూరీడమ్మ పురిటికి వచ్చి అమ్మ దగ్గరే ఉంది. దాని కొడుకు అసిరిగాడికి ఎనిమిదో నెల. వాడు కూర్చున్నప్పుడు కుడుములు పంచాల్సిన ఇంట్లో కన్నీళ్ళున్నాయి. సూరీడమ్మకు పాలు ఇంకిపోయాయి. వాడు పొద్దంతా వేళ్ళు చీక్కుంటూ ఏడ్చేవాడు, తర్వాత ఏడవడం కూడా మానేశాడు.

"పెడితే పోతాడు, పెట్టకపోతే పోతాడు. నానేటి సెయ్యనే అమ్మా?" అని సూరీడమ్మ మొత్తుకుంది.

తవిటమ్మ మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ఆ మనవడంటే ఆమెకు ప్రాణం. వాడు లేకపోతే తను రోకలి ఎత్తలేదని ఆమెకు తెలుసు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళ, అసిరిగాడు గడప వైపు తల తిప్పాడు. కింద, నేలకు జానెడెత్తున చూసి నవ్వాడు. ఇంట్లో ముద్ద లేదు, గిన్నె లేదు. అయినా నవ్వాడు. తవిటమ్మ చటుక్కున లేచింది. చేతిలో ఉన్న చాటెడు తవుడూ గడప అవతల చల్లేసింది. కళ్ళార్పకుండా చూసింది.

తవుడు మీద గుర్తులు పడ్డాయి. రెండు అరచేతులు, మధ్యలో పొట్ట ఈడ్చిన గీత. మళ్ళీ రెండు అరచేతులు, మళ్ళీ గీత. పారాడుతూ వస్తున్నట్టు. ఒక జాడ కాదు, మూడు. మూడూ గడప దాకా వచ్చి ఆగిపోయాయి.

"కత్తి తెత్తానే అమ్మా. ఇనుము సూపిత్తే పోతాయి," అంది సూరీడమ్మ.

"ఒద్దే అమ్మీ. దయ్యమైతే గడప దాటదా? ఈళ్ళు దాటలేకపోతన్నారు. ఎత్తి దాటించినోళ్ళు లేరు ఈళ్ళకి."

అన్న తర్వాత తన మాటే తనకు వినబడి తవిటమ్మ గడప దగ్గర కూలబడింది. ఏ ఇంటికి వచ్చేవాళ్ళు ఆ ఇంట పోయిన పసివాళ్ళే. ఈ ఇంటికి వచ్చినవాళ్ళు ముగ్గురు. పెద్దన్న, చిన్నన్న, అక్క. తనకు తల నెరిసింది, పళ్ళూడాయి. వాళ్ళింకా పారాడుతూనే ఉన్నారు. బిడ్డ కోసం రాలేదు వాళ్ళు. ముద్ద కోసం వచ్చారు.

మర్నాడు తవిటమ్మ బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, తిరగట్లో విసిరి, ఉగ్గు కాచింది. నెయ్యి చుక్కేసి గిన్నె గడప అవతల పెట్టింది. గిన్నె చుట్టూ జాడలు తిరిగాయి, తిరిగాయి, తిరిగాయి. ఉగ్గు మాత్రం తొణకలేదు. ఎలా తొణుకుతుంది? తినడమంటే ఏమిటో తెలియని పిల్లల ముందు గిన్నె పెడితే ఏం చేస్తారు?

రెండో రోజు వేలితో తీసి గాల్లో పట్టుకుంది. చల్లటి ఊపిరి వేలికి తగిలింది. చిన్న పెదవులు తగిలాయి, పళ్ళు లేని చిగుళ్ళు తగిలాయి. అయినా ఉగ్గు నేల మీదికే కారిపోయింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని తల ఎత్తి పట్టుకోకపోతే ఏ బిడ్డ మింగుతుంది?

మూడో రోజు తవిటమ్మ స్నానం చేసింది. తన పెళ్ళినాటి చీర కట్టుకుంది. ఉగ్గుగిన్నె నిండా ఉగ్గు పోసుకుంది.

"ఎక్కడికే?" అంది సూరీడమ్మ.

"గెడ్డ అవతలికి. అన్నలకీ అక్కకీ బువ్వెట్టొత్తాను. నీడ కాళ్ళ కిందికొచ్చినప్పుడు నువ్విక్కడ నీ కొడుక్కి పెట్టు. గడప కేసి సూసేడా, ఆపెయ్. సూడకుండా మింగేడా, ఒడ్డుకొచ్చి ఒక్క కేకెయ్. నానింటాను."

"ఎల్లకే అమ్మా! సచ్చినోళ్ళని ఒళ్ళో కూకోబెట్టుకుంటే మరి లెగనియ్యరంటారే!"

"లెగనియ్యకపోతే కూకుంటాను. నాకు కూకునే తీరికెప్పుడు దొరికిందే?" అని నవ్వింది తవిటమ్మ. స్నానం చేసింది కదా, తవుడు రాలలేదు.

గెడ్డ దాటింది. జిల్లేడు పొదల మధ్య గాలి లేదు, పిట్ట లేదు. ఎండ తెల్లగా కాస్తోంది. ఆమె నేల మీద కూర్చుని, బిడ్డలకు నీళ్ళు పోసేటప్పుడు చాపినట్టు, రెండు కాళ్ళూ చాపుకుంది. భయం వేసింది. చాలా భయం వేసింది. అయినా పిలిచింది.

"పెద్దన్నా. చిన్నన్నా. అక్కా. నాను తవిటమ్మని. మీకు నాను తెల్దు. మీరెల్లిపోయేక పుట్టేను. మీ కాడికి రాకుండా నన్ను తవుడుకమ్మేసేరు. ఇప్పుడొచ్చేను. రండర్రా, బువ్వ తిందురు గాని."

ముసలామె పసిపిల్లల్ని అన్నా అని పిలుస్తుంటే జిల్లేడు ఆకులు కదిలాయి. ఒడిలో చీర కొంచెం కుంగింది. బరువు పెద్దగా లేదు, తడిసిన గుడ్డంత. చల్లగా ఉంది. తవిటమ్మ ఎడమచెయ్యి వంచి తల కింద పెట్టింది. అక్కడ నిజంగానే తల ఉంది. వేలితో ఉగ్గు తీసి పెట్టింది. పెదవుల చప్పుడు వినిపించింది. గుటక వినిపించింది. ఆ గుటక వినగానే ఆమె ఏడ్చేసింది. ఎన్నేళ్ళ ఆకలి!

మొదటి ముద్ద పెద్దన్నకు. రెండో ముద్ద చిన్నన్నకు. మూడో ముద్ద అక్కకు. ఒకరి తర్వాత ఒకరు ఒళ్ళోకి వచ్చి తిన్నారు, దిగిపోయారు.

అప్పుడే గెడ్డ అవతలి నుంచి కేక వినబడింది.

"అమ్మా! మింగేడే! మళ్ళీ నోరు తెరుత్తన్నాడే! వచ్చెయ్యే అమ్మా!"

తవిటమ్మ గుండె నిండిపోయింది. లేవబోయింది. లేవగలిగేదే. ఎవరూ ఆపలేదు. అంతలో చిటికెనవేలు ఎవరో పట్టుకున్నట్టనిపించింది. మెల్లగా, అమ్మ వేలు పట్టుకున్నట్టు. చుట్టూ చూసింది. జిల్లేడు పొదల కింద, ఇసుక మీద, అరచేతుల గుర్తులు. నాయుడుగారింటివి, కుమ్మరింటివి, గొల్లింటివి. ఊళ్ళో ఏ ఇంటి నుంచి ఎవర్ని తెచ్చి పూడ్చారో అందరూ పారాడుకుంటూ వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు. తోసుకోకుండా, ఏడవకుండా. గిన్నెలో ఉగ్గు అడుగంటింది.

తవిటమ్మ ఊరి వైపు ఒకసారి చూసింది. ఇంటి చూరు కనబడింది. మనవడి నవ్వు కూడా వినబడిందేమో. మళ్ళీ కూర్చుంది. కాళ్ళు చాపుకుంది.

"ఉండండర్రా, ఉండండి. అందరికీ పెడతాను," అంది.

పొద్దు వాలుతుండగా ఊరివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. తవిటమ్మ కూర్చునే ఉంది. ఒళ్ళోకి వంగి ఎవర్నో చూసి నవ్వుతున్నట్టే ఉంది. ప్రాణం లేదు. గిన్నె నాకినట్టు శుభ్రంగా ఉంది. ఒడిలో చీర కుంగి, తడిగా, చల్లగా ఉంది. చుట్టూ ఇసుక నిండా జాడలు. అన్నీ ఆమె వైపు వచ్చినవే. వెనక్కి వెళ్ళిన జాడ ఒక్కటీ లేదు. చూసిన తల్లులందరూ అక్కడే కూర్చుని, ఇన్నేళ్ళూ ఏడవనిది ఏడ్చారు. ఆమెను అక్కడే, ఆ పిల్లల మధ్యనే పెట్టారు. కూర్చున్నది కూర్చున్నట్టే.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ముద్ద ముట్టిన బిడ్డ పోలేదు. అసిరిగాడు పెరిగి పెద్దవాడై, ఊళ్ళో అందరికంటే ఎక్కువ తినేవాడయ్యాడు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళల్లో అన్నం ముట్టించే రోజున, మేనమామ ముద్ద ఎత్తకముందే ఇంటి ముసలామె గడప బయట కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. గిన్నెలోంచి మొదటి ముద్ద తీసి ఒళ్ళో పట్టుకుని, "తవిటమ్మా, నీ ఒళ్ళోవాళ్ళకి" అంటుంది. ఆ ముద్ద ఏమవుతుందో ఎవరూ చూడరు. చీమలు తింటాయని కొందరంటారు. గుటక వినబడుతుందని కూర్చున్న ముసలమ్మలంటారు. ఏ తల్లికైనా కడుపుకోత మిగిల్చి పసికందు పోతే, నోట్లో ఇంత ఉగ్గు పెట్టకుండా మట్టి వెయ్యరు.

అన్నం పెడుతుంటే బిడ్డ తల తిప్పి గడప వైపు చూసి నవ్విందనుకోండి. తల్లి భయపడదు. బిడ్డ గడ్డం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పుకుంటుంది. తిప్పుకుని, ముద్ద నోటి దగ్గర పెట్టి, అక్కడి తల్లులందరూ చెప్పే మాటే చెబుతుంది.

"తవిటమ్మ ఒడి నిండిపోనాది నాన్నా. నీకక్కడ సోటు లేదు. ఇక్కడే తిను."