సజ్జమ్మ గుండె చప్పుడు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక సజ్జ చేను. ఆ చేని గట్టు లోపల ఒక ఎలుకల ఊరు ఉండేది. బయటినుంచి చూస్తే నాలుగు కలుగులే కనిపించేవి. లోపల మాత్రం సందులూ గొందులూ, ఒకటే సందడి.

ఆ ఊరికి వైద్యుడు ఉలవయ్య తాత. ఎవరికి దెబ్బ తగిలినా గడ్డిచామంతి ఆకు నమిలి, గాయంలో పసరు పిండి, ఛాతీ మీద చెవి పెట్టి వినేవాడు. రక్తం పోయినవాడి గుండె దడదడ కొట్టుకుంటే బతుకుతాడనేవాడు. నెమ్మదిగా కొట్టుకుంటే ఇక లాభం లేదని తల అడ్డంగా ఊపేవాడు. అప్పుడు మగ ఎలుకలు అతను పడి ఉన్న కలుగును మట్టితో మూసేసేవి. రక్తం వాసనకు పాము వస్తే ఊరే పోతుంది కదా మరి. తాత మాట ఎన్నడూ తప్పలేదు. ఆ సంగతి తాతే రోజూ చెప్పుకునేవాడనుకోండి!

కాపలాకైనా కొట్లాటకైనా మగవాళ్లే వెళ్లేవారు. దెబ్బలూ వాళ్లకే తగిలేవి.

ఒక పొద్దున సజ్జమ్మ అనే ఆడ ఎలుక కలుగు బయట పిల్లలతో ఎండ కాగుతోంది. ఉన్నట్టుండి గట్టు చాటునుంచి అడవి పిల్లి దూకింది. సజ్జమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా లోపలికి తోసింది. ఆఖరి పిల్లను తోసేసరికి పిల్లి గోరు ఆమె తొడ చీల్చేసింది. ఎలాగో పాకుతూ లోపలికి వచ్చి పడింది. కింద మట్టంతా రక్తంతో తడిసిపోయింది.

తాత పరుగున వచ్చాడు. పసరు పిండాడు, చెవి పెట్టాడు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. మళ్లీ విన్నాడు. అంతే. మూడోసారి కూడా విని, తల అడ్డంగా ఊపాడు. మగ ఎలుకలు మట్టి తేవడానికి కదిలాయి. పిల్లలు తల్లిని కరుచుకుని ఏడుస్తున్నాయి. భర్త కొర్రయ్య ఆమె తల పక్కనే కూర్చున్నాడు.

మొదటి పిడికెడు మట్టి పడగానే సజ్జమ్మ కళ్లు తెరిచింది.

"నాకు మీ మాటలన్నీ వినబడుతున్నాయి తాతా. మన్ను వెయ్యొద్దని చెప్పు," అంది.

తాత ఉలిక్కిపడ్డాడు. పోయే ప్రాణం చివర్లో అలాగే మాట్లాడుతుందని ఎవరో గొణిగారు. పాము వస్తే ఎవరు పూచీ అని ఇంకొకరు అడిగారు. కొర్రయ్య మాత్రం వెళ్లి తాత ఎదురుగా నిలబడ్డాడు.

"తాతా, రక్తం పోయిన ఆడదాని గుండె నువ్వెప్పుడైనా విన్నావా?"

తాత తాను విన్న గుండెలన్నీ తలుచుకున్నాడు. ఒక్కరూ గుర్తుకు రాలేదు. విన్నానని బొంకితే పరువు దక్కుతుంది. లేదంటే ఊరందరి ముందు తల వంచుకోవాలి. తాత తల వంచుకున్నాడు.

"వినలేదురా. నేను విన్నవన్నీ మగవాళ్ల గుండెలే. ఈ గుండె సంగతి నాకు తెలియదు. తెలియనప్పుడు మన్ను వెయ్యకూడదు," అన్నాడు.

మరి పాము సంగతో? ఆడ ఎలుకలు ముందుకొచ్చాయి. నెత్తుటి మట్టినంతా గోకి, నోట కరుచుకుని, చేను దాటి వాగు ఒడ్డున పోశాయి. మట్టి తెచ్చిన మగ ఎలుకలు సిగ్గుపడి వాటి వెంట నడిచాయి. మధ్యాహ్నానికి పాము రానే వచ్చింది. నాలుక ఆడిస్తూ గట్టు దగ్గర ఆగింది. వాగు వైపునుంచి వాసన గుప్పున కొట్టేసరికి పాము అటే పోయింది.

తాత సజ్జమ్మ ఛాతీమీదినుంచి చెవి తీయలేదు. గుండె నెమ్మదిగానే, కానీ ఎక్కడా తప్పకుండా కొట్టుకుంటోంది. సాయంత్రానికి సజ్జమ్మ నీళ్లు తాగింది. మర్నాడు ఆకలంది. గాయం మానాక తన కాళ్లమీద తానే నడిచి గట్టు పైకి వచ్చింది, వెనక పిల్లలు వరసగా. మన్ను వేసినవాళ్లే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఊరంతా తోకలు నేలకేసి కొట్టి పండగ చేసుకుంది. ఆ ఊరు అంత గొప్పగా గెలిచిన రోజు ఇంకోటి లేదు.

ఉలవయ్య తాత మాత్రం ఆ సంబరంలో ఒకచోట కూర్చోలేదు. ప్రతి ఆడ ఎలుక దగ్గరికీ వెళ్లి, "నీ గుండె ఒకసారి విననిస్తావా తల్లీ?" అని అడుగుతూ తిరిగాడు.

నీతి: ఒకరిని చూసి నేర్చుకున్న కొలతతో ఇంకొకరి ప్రాణాన్ని కొలవకూడదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటేనే ప్రాణాలు నిలుస్తాయి.